అన్నా, ఆ చీమలు స్వామి పంపినవి కావు

ప్రశ్న:

ఈసారి ఉత్తరం గోదావరి పక్కనున్న ఒక బొగ్గు గనుల ఊరి నుంచి వచ్చింది. ఆరు కాగితాలు రెండు వైపులా రాసి, ఫోన్‌లో ఫొటోలు తీసి పంపారు. పేరు, ఊరు, బాయి (గని) పేరు వేయొద్దన్నారు కాబట్టి వేయడం లేదు. ఉత్తరం పెద్దది, ఇక్కడ కుదించి ఇస్తున్నాను.

ఆయన వయసు 58. ఇరవై రెండేళ్లప్పుడు బదిలీ ఫిల్లర్‌గా, అంటే రానివాళ్ల బదులు బొగ్గు ఎత్తే కార్మికుడిగా చేరి, తట్టా చెమ్మస్‌తో (పారతో) టబ్బులు నింపి, తర్వాత చాలా ఏళ్లు గని పైకప్పు కూలకుండా దన్ను పెట్టే సపోర్ట్‌మన్‌గా చేశారు. మోకాళ్లు, నడుము దెబ్బతినడంతో మూడేళ్ల కింద సర్ఫేస్ పనికి, అంటే గని పైన చేసే పనికి మార్చారు. 61 ఏళ్లకు రిటైర్‌మెంట్, అంటే ఇంకా మూడేళ్ల సర్వీసు ఉంది. బీపీకి, షుగర్‌కి మాత్రలు వాడుతున్నారు. సర్ఫేస్‌కి వచ్చిన ఏడాదే తల్లి పోయింది. రెండేళ్ల కింద బిడ్డ పెళ్లి చేశారు, ఆ అప్పులో మూడు లక్షలు ఇంకా ఉంది. అదే ఏడాది ఆయన జోడీ, పంతొమ్మిదేళ్లు ఒకే గ్యాంగులో పక్కపక్కన పనిచేసిన మనిషి, రిటైరైన ఎనిమిది నెలలకే పొద్దున ఇంటి ముందు కుర్చీలో టీ తాగుతూ తాగుతూ పోయాడు. "ఆయన ఆఖరి షిఫ్టు నాడు మర్చిపోయిన స్టీలు టిఫిన్ డబ్బా ఇంకా మా ఇంట్లనే ఉన్నది. ఇచ్చి రావడానికి కాళ్లు రావు."

మందు సంగతి ఇలా రాశారు. పాతికేళ్ల పాటు జీతం రోజు, పండగ రోజు, దావత్‌లో మాత్రమే. మూడేళ్ల నుంచి రోజూ ఒక క్వార్టర్. ఏడాదిగా ఒకటిన్నర, ఒక్కోరోజు రెండు. ఎనిమిది నెలల నుంచి ఫస్ట్ షిఫ్టుకు పోయే ముందు కూడా ఇంత పోసుకోవాల్సి వస్తోంది, "లేకుంటే చెయ్యి నిలవది, చొక్కా గుండీలు నా భార్య పెట్టాలె." పదకొండేళ్లు వరసగా అయ్యప్ప మాల వేసి, ఏ ఏడూ చుక్క ముట్టలేదట. కిందటి కార్తీకంలో మాల వేసిన మూడో రాత్రి ఒళ్లంతా చెమటలు పట్టి, పీఠం వెనక గోడ నిండా చీమలు కనిపించి, మీదికి పాకుతున్నాయని దులుపుకుంటూ కేకలు పెట్టారు. గురుస్వామి మాల తీయించాడు. "స్వామే నన్ను వద్దన్నడు" అని ఆ రోజు నుంచి ఆయన నమ్మకం.

ఆ తర్వాత భార్య ఎవరి దగ్గరో నాలుగు వేలు పోసి ఒక పొడి కొని, చెప్పకుండా పప్పులో కలిపింది. ఆ రాత్రి తాగగానే మొహం కమిలి, గుండె దడదడలాడి, వాంతులతో ఆస్పత్రికి తీసుకెళ్లాల్సి వచ్చింది. అప్పటి నుంచి ఇంట్లో అన్నం ముందు కూర్చోవాలంటేనే అనుమానం. కొడుక్కి 31, డిప్లొమా చదివాడు, సరైన పని లేదు. "బాపూ, అన్‌ఫిట్ పెట్టుకో, నాకు ఉద్యోగం వస్తది" అని ఏడాది నుంచి అడుగుతున్నాడు. అన్‌ఫిట్ అంటే, ఒంట్లో బాగోక పని చేయలేడని మెడికల్ బోర్డు తేల్చితే తను ఉద్యోగం వదిలి, రూల్స్‌కి సరిపోతే కొడుక్కి ఉద్యోగం ఇప్పించుకోవడం.

చివరి పేజీలో ఇలా ఉంది: "తాగి తాగి సర్వీసుల ఉండంగనే పోతే వానికి ఉద్యోగం వస్తది, అప్పు తీరుతది, నాకూ బాధ ఉండది. ఇట్ల అనుకునుడు తప్పా? నేను తాగుబోతునా? మానగలుగుతనా? అన్‌ఫిట్ కావాల్నా, వద్దా?"

జవాబు:

అన్నా, ముందు మీ చివరి పేజీ గురించి మాట్లాడతాను. మిగతా కాగితాలు తర్వాత.

తప్పా అని అడిగారు. తప్పొప్పుల సంగతి కాదది, ప్రమాదం సంగతి. కాబట్టి సూటిగా అడుగుతున్నా: చచ్చిపోవాలని అనిపిస్తోందా? ఎలా అన్న ఆలోచన కూడా వస్తోందా? ఇలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడి అడగరు. పుట్టదు, అడిగితే మనిషికి కాస్త ఊపిరి ఆడుతుంది. మీ జవాబు అవును అయితే, ఇక్కడితో చదవడం ఆపి 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ అని 2022 అక్టోబర్ 10న మొదలైన ప్రభుత్వ లైన్ అది, డబ్బు కట్టక్కర్లేదు, అర్ధరాత్రి చేసినా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. అవును కాకపోయినా సరే, ఈ రాత్రే ఇంట్లో ఒక్కరికి ఆ వాక్యం ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మందు లోపల ఉన్నప్పుడు ఇలాంటి ఆలోచన మామూలుగా కన్నా దగ్గరికొస్తుంది, ఆపే బుద్ధి పక్కకు పోతుంది, నా భయం అదే.

ఇంకొక మాట. మీ అబ్బాయి మిమ్మల్ని అన్‌ఫిట్ పెట్టుకోమన్నాడు, పొమ్మనలేదు. ఈ రెండింటికీ మధ్య ఎంత దూరం ఉందో మందు మీకు కనపడనివ్వడం లేదు. మీరు పోతే వచ్చిన ఉద్యోగంలో చేరడానికి మొదటి రోజు హాజరు వేసే ఆ మస్టర్ కిటికీ ముందు నిలబడే పిల్లాడిని ఒక్కసారి తలచుకోండి. 'నేను అడిగినందుకే' అన్న మాటను వాడు ముప్పై ఏళ్లు మోయాలి. మీకు ఇలా అనిపిస్తోందని వాడికి తెలుసా? తెలియదనే నా నమ్మకం.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. తాగుబోతునా అని మీరు వాడిన మాట నేను వాడను, ఎందుకంటే ఆ మాట మనిషిని తిట్టడానికే తప్ప వైద్యానికి పనికిరాదు. డాక్టర్లు మామూలుగా నాలుగు ప్రశ్నలు అడుగుతారు. తగ్గించుకోవాలని ఎప్పుడైనా అనిపించిందా? ఎవరైనా తాగుడు గురించి మాట్లాడితే కోపం వస్తుందా? తాగినందుకు తప్పు చేశానని బాధ పడ్డారా? పొద్దున లేస్తూనే ఒంటిని నిలబెట్టుకోవడానికి తాగాల్సి వచ్చిందా? రెండింటికి అవునంటేనే డాక్టర్ ఆగి గట్టిగా విచారిస్తాడు. మీ ఉత్తరంలో నాలుగూ ఉన్నాయి. నాలుగోది అన్నిటికన్నా బరువైనది. మీ శరీరం మందుకు అలవాటు పడి, అది లేకపోతే పనిచేయలేని స్థితికి వచ్చింది. దీన్ని డాక్టర్లు జబ్బు అనే అంటారు, జబ్బులాగే చూస్తారు.

క్వార్టరే కదా అని మీరు రెండుచోట్ల రాశారు, అందుకని ఆ లెక్క కూడా చెప్తా. సీసా మీద 42.8 శాతం అని అచ్చు వేసి ఉంటుంది, చూడండి. 180 మిల్లీలీటర్లలో అంటే దాదాపు 60 గ్రాముల అసలు ఆల్కహాల్. పది గ్రాములను ఒక డ్రింకుగా లెక్కపెడతారు కాబట్టి, ఒక క్వార్టర్ అంటే ఆరు. రెండు క్వార్టర్ల రోజున పన్నెండు. పైగా ముప్పై ఏళ్లప్పటి క్వార్టరూ ఇప్పటి క్వార్టరూ ఒకటి కావు. వయసు పెరిగే కొద్దీ ఒంట్లో కండ, నీటి శాతం తగ్గుతాయి, అదే సీసా రక్తంలో ఎక్కువగా నిలుస్తుంది. దానికి తోడు మీరు వేసుకునే మాత్రలు. కొన్ని రకాల షుగర్ మాత్రలు వేసుకుని, తిండి సరిగా లేకుండా తాగితే షుగర్ దబ్బున పడిపోతుంది. అప్పుడు వచ్చే మగత, చెమట, తడబాటు చూసి ఇంట్లోవాళ్లు మత్తులో ఉన్నాడులే అని పడుకోబెడతారు. అలా పోయిన ప్రాణాలు ఉన్నాయన్నా. మీ ఇంట్లో షుగర్ చూసే మిషన్ ఉంటే, అలాంటప్పుడు మీ భార్య వేలి మీద ఒక చుక్క తీసి చూడాలి.

ఇక చీమలు.

మీ ఉత్తరం మొత్తంలో నన్ను బాగా కదిలించింది అదే. పదకొండేళ్లు నిష్ఠగా ఉన్న మనిషి, స్వామే వద్దన్నాడని అనుకుంటూ ఇన్ని నెలలుగా బతుకుతున్నాడు. అన్నా, అది స్వామి చెప్పిన మాట కాదు. రోజూ ఎక్కువగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే మెదడు అదుపు తప్పుతుంది. మందు ఇన్నాళ్లూ నరాల ఉద్రేకాన్ని అణిచి ఉంచింది, దానికి ఎదురు తోయడానికి మెదడు తన వేగం పెంచుకుంది. మందు తీసేయగానే ఆ వేగం ఒక్కటే మిగులుతుంది. ఆపిన మొదటి రోజే చేతుల వణుకు, చెమట, నిద్ర లేకపోవడం. మొదటి రెండు రోజుల్లో కొందరికి ఫిట్స్ వస్తాయి. రెండో రోజు చివర, మూడో రోజు లేనివి కనపడటం: చీమలు, పురుగులు, పాములు, గోడ మీద ఎవరో నిలబడ్డట్టు. మీకు వచ్చింది సరిగ్గా మూడో రాత్రి. చికిత్స అందకపోతే ఇది ప్రాణం తీసే స్థితి, ఆ రాత్రి మీరు బతికి బయటపడటమే పెద్ద విషయం. మాల తీసేశాక మళ్లీ తాగాను, తగ్గిపోయింది అని రాశారు చూడండి, తగ్గింది అందుకే. అది చూసి మీరు తాగితేనే నాకు బాగుంటుంది, మానడం నా రాతలో లేదు అనుకున్నారు.

మరి అంతకు ముందు ఏళ్లలో మాలలో ఏమీ కాలేదేం? ఎందుకంటే అప్పుడు చాలా ఏళ్లు మీరు తాగేది జీతం రోజున, దావత్‌లో, రోజూ మొదలైన కొత్తలోనూ ఒక క్వార్టరే. ఒళ్లు దానికి ఇంతగా బానిస కాలేదు. నలభై ఒక్క రోజులు ఆపగలిగారు. కిందటి కార్తీకానికి రోజువారీ తాగుడు మొదలై అప్పటికే చాలా కాలమైంది. ఈ మధ్యలో మారింది మీ ఒళ్లు, మీ భక్తి కాదు. మీ గురుస్వామికి ఈ పేరా చదివి వినిపించండి, ఆయనకూ ఇది తెలిసి ఉండాలి, ఎందుకంటే మాల వేసి ఒక్కసారిగా మానేవాళ్లు ప్రతి ఏడూ ఆయన దగ్గరికి వస్తూనే ఉంటారు. రోజూ తాగే మనిషి అయితే ముందు డాక్టర్ దగ్గర మాన్పించి, తర్వాత మాల వేయడమే క్షేమం.

కాబట్టి మానగలుగుతానా అన్న మీ ప్రశ్నకు, అవును, కానీ ఇంట్లో తలుపేసుకుని కాదు. ఒకసారి చీమలు కనపడ్డ మనిషికి ఈసారి ఆపినా అలాగే రావచ్చు, అందుకే మీ విషయంలో ఆస్పత్రిలో చేరే మానాలి. అక్కడ వారం పది రోజులు ఉంచి, మెదడు వేగాన్ని మెల్లగా దింపే మాత్రలు ఇచ్చి, వాటినీ రోజురోజుకీ తగ్గిస్తూ పోతారు. తాగేవాళ్ల ఒంట్లో బీ1 విటమిన్ అడుగంటి ఉంటుంది కాబట్టి ఆ ఇంజెక్షన్లు ఇస్తారు. ఆ వారం గడిస్తే చొక్కా గుండీలు మీరే పెట్టుకుంటారు. ఆ తర్వాతిది వేరే పని, దాని గురించి కింద చెప్తాను.

అసలు ఈ మూడేళ్లలో ఏం జరిగిందో ఒక వరసలో పెట్టి చూద్దాం. మీరు ఉత్తరంలో ఇవన్నీ వేరువేరు పేజీల్లో రాశారు. నేను తారీఖుల వారీగా పక్కపక్కన పెట్టుకుని చదివాను. మూడేళ్ల కింద మిమ్మల్ని బాయిలోంచి పైకి తెచ్చారు. అదే ఏడాది అమ్మ పోయింది. రోజూ క్వార్టర్ మొదలైంది ఆ ఏడాదే. తర్వాతి ఏడు బిడ్డ అత్తారింటికి వెళ్లింది, అప్పు మిగిలింది, జోడీ పోయాడు. ఏడాది కింద కొడుకు అన్‌ఫిట్ మాట ఎత్తాడు, క్వార్టర్ ఒకటిన్నర, ఒక్కోరోజు రెండు అయింది.

1967లో అమెరికాలో హోమ్స్, రాహే అని ఇద్దరు సైకియాట్రిస్టులు, మనిషి జీవితంలో వచ్చే 43 మార్పులకు బరువు కట్టి ఒక పట్టిక తయారు చేశారు. భార్య లేదా భర్త చావు 100. ఇంట్లో దగ్గరివాళ్ల చావు 63. రిటైర్‌మెంట్ 45. దగ్గరి స్నేహితుడి చావు 37. వేరే రకం పనిలోకి మారడం 36. కొడుకో కూతురో ఇల్లు విడిచి వెళ్లడం 29. మీవి కూడితే, రిటైర్‌మెంట్ ఇంకా కలపకుండానే 165. ఆ పట్టిక ఒక ఏడాదిలో జరిగినవాటికి, మీవి మూడేళ్లలో జరిగాయి, కాబట్టి ఆ అంకెను పట్టుకు వేలాడక్కర్లేదు. పైగా అది వాళ్ల దేశపు పట్టిక, మన దగ్గర బిడ్డ పెళ్లి బరువు 29 అంటే ఏ తండ్రీ ఒప్పుకోడు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: వీటిలో ఏ ఒక్కదాని గురించీ మీరు ఎవరి దగ్గరా కూర్చుని మాట్లాడినట్టు ఉత్తరంలో లేదు. అన్నీ సీసాతోనే చెప్పుకున్నారు.

మీ జోడీ సంగతి దగ్గర ఇంకాస్త ఆగాలి. సపోర్ట్‌మన్ పని చేసినవాళ్లకు పక్క మనిషి అంటే ఏమిటో మాలాంటి బయటివాళ్లకు పూర్తిగా అర్థం కాదు. పైకప్పు కొట్టి చూసి, ఆ చప్పుడు తేడా విని, జరుగు అని ఒక మాట అనేవాడు. ఆ మాట మీద పంతొమ్మిదేళ్లు మీరు ఇంటికి తిరిగొచ్చారు. అలాంటి మనిషి రిటైరైన ఎనిమిది నెలలకే పోతే, మీ మనసులో రిటైర్‌మెంట్ అన్నా చావు అన్నా ఒకటే అయిపోయినట్టుంది. ఇంకా మూడేళ్లు అని మీరు ఉత్తరంలో నాలుగుసార్లు రాశారు. సర్వీసుకే మూడేళ్లా, మీకే మూడేళ్లా అని నాకు చదువుతుంటే అనుమానమొచ్చింది. ఆయన గుండె ఆయనది, మీ గుండె మీది. ఆయన ఎందుకు పోయాడో డాక్టర్లు ఏమన్నారో మీరు రాయలేదు, బహుశా అడగనూ లేదు.

నిద్ర కోసమే తాగుతున్నానన్నారు, మళ్లీ మీరే మూడింటికి మెలకువ వస్తుందని, ఆ టైంలోనే ఆయన గుర్తొస్తాడని రాశారు. మందు తొందరగా నిద్ర పట్టిస్తుంది, నిజమే. రాత్రి రెండో సగంలో అదే నిద్రను చెడగొడుతుంది. ఆ మూడు గంటల మెలకువ మీ దుఃఖం తెచ్చింది కొంత, సీసా తెచ్చింది కొంత. బాధ పోవడానికి తాగుతున్నానని అనిపిస్తుంది కానీ, రోజూ తాగే మనిషికి దిగులు మందు వల్లే పెరుగుతుంది. మానిన మూడు నాలుగు వారాలకు సగం దిగులు దానంతట అదే తగ్గినవాళ్లు చాలామంది. మిగతా సగం ఉంటే దానికి వేరే వైద్యం ఉంది.

ఇక దారుల సంగతి. ఏది ఎంచుకోవాలో మీ ఇష్టం, కానీ ఏ దారిలో ఏముందో తెలిసి ఎంచుకోండి.

ఇలాగే నడిపించడం ఒక దారి. ఇందులో నేను ఊరుకోలేని విషయం ఒకటుంది. పొద్దున తాగి డ్యూటీకి వెళ్తున్నారు. బాయిలోకి దిగడం లేదు కదా అన్నారు, కానీ సర్ఫేస్ మీద టబ్బులు లాగే హాలేజీ తాళ్లు, టిప్పర్లు, బెల్టులు లేవా? మత్తులో గని ఆవరణలోకి రావడం ఉద్యోగం పోయే తప్పు, అది మీకు నాకన్నా బాగా తెలుసు. ఉద్యోగం సంగతి అటుంచండి, మీ చెయ్యి ఒక్క క్షణం తడబడితే పోయేది ఇంకొకరి జోడీ. వణుకు ఆగడానికి తాగాల్సి వచ్చిన రోజున డ్యూటీకి వెళ్లకండి, సిక్ పెట్టండి. దీని మీద మాత్రం నేను రెండో మాట చెప్పను.

నాకు నేనే తగ్గించుకుంటా అనేది ఇంకో దారి. రెండేళ్ల కింద అయితే ఇది సరిపోయేదేమో. పొద్దున వణుకు మొదలయ్యాక ఇది చాలామందికి కుదరదు: నాలుగు రోజులు తగ్గుతుంది, ఐదో రోజు ఎవరిదో దినం, ఎవరిదో దావత్, మళ్లీ మొదటికి వస్తుంది. ఒక్కసారిగా ఆపేస్తే మూడో రాత్రి ఏమవుతుందో మీకు తెలుసు.

ఆస్పత్రి మూడోది. మీ కంపెనీ ఆస్పత్రిలో మీకు ఖర్చు ఉండదు, సిక్ లీవుకు కాగితం దొరుకుతుంది, కానీ ఓపీ వరసలో నలుగురు తెలిసినవాళ్లు కనపడతారు, మీ భయం అదే. తెలిస్తే పరువు పోతుందన్నారు. పొద్దున మీ పక్కన నిలబడే మనిషికి ఆ వాసన ఇప్పటికే తెలుసన్నా. జిల్లా ప్రభుత్వ ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంటుంది, అక్కడా డబ్బు లేదు, తెలిసిన మొహాలు తక్కువ. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కిందికి మందు వల్ల వచ్చే మానసిక సమస్యలు కూడా వస్తాయి, ఆ చట్టం ప్రకారం మీ జబ్బు వివరాలు గోప్యంగా ఉంచాల్సిన బాధ్యత డాక్టర్ది. ప్రైవేటు డీఅడిక్షన్ సెంటర్లు కూడా ఉన్నాయి. మంచివి ఉన్నాయి, మనిషిని బండిలో ఎత్తుకెళ్లి గదిలో పెట్టి కొట్టేవీ ఉన్నాయి. వెళ్లేట్టయితే రిజిస్ట్రేషన్ ఉందా, సైకియాట్రిస్ట్ రోజూ వస్తాడా, రాత్రి ఫిట్స్ వస్తే ఎవరు చూస్తారు అని మీ అబ్బాయి ముందే వెళ్లి అడగాలి. దగ్గర్లో ఎక్కడ చేర్చుకుంటారో తెలియకపోతే 14446కు ఫోన్ చేయండి, మత్తు మాన్పించే వైద్యం కోసమే పెట్టిన ప్రభుత్వ లైన్ అది.

అన్‌ఫిట్ సంగతి కావాలనే చివరికి ఉంచాను, ఎందుకంటే ఇది తాగుడుతో కలిసిపోయి మీ ఇంట్లో ముడి పడింది. ఆ ముడి విప్పాలి. మీ మోకాళ్లు, నడుము నిజంగానే పాడయ్యాయి. అన్‌ఫిట్ అడగడం అన్యాయమేమీ కాదు, మీ అబ్బాయి అడగడమూ పాపం కాదు, మీ ఊళ్లో సగం ఇళ్లలో ఇదే మాట నడుస్తుంది. కానీ వాడు "అన్‌ఫిట్" అన్నప్పుడు మీకు "నువ్వు పనికిరావు" అని వినపడింది. ముప్పై ఆరేళ్లు పనిచేసిన మనిషికి ఆ మాట ఎలా తగులుతుందో ముప్పై ఒక్కేళ్ల పిల్లాడికి తెలియదు, మీరు చెప్పలేదు కాబట్టి.

ఇప్పుడే, ఈ స్థితిలోనే అన్‌ఫిట్ అయితే ఏమవుతుంది? రూల్స్‌కి సరిపోతే కొడుక్కి ఉద్యోగం రావచ్చు. మీకు గ్రాట్యుటీ, సీఎంపీఎఫ్ (బొగ్గు గనుల ప్రావిడెంట్ ఫండ్) డబ్బు ఒకేసారి చేతికొస్తుంది, పొద్దున ఐదింటికి లేవాల్సిన పని ఉండదు, రోజంతా ఖాళీ. ప్రస్తుతం మిమ్మల్ని పగలు కొన్ని గంటలైనా ఆపుతున్నది ఆ డ్యూటీ ఒక్కటే. అది పోయి, డబ్బు వచ్చి, తాగుడు అలాగే ఉంటే ఏమవుతుందో నాకు భయం. ససేమిరా కాను అంటే మూడేళ్లు జీతం వస్తుంది, ఇంట్లో కొడుకు మౌనం కూడా మూడేళ్లు ఉంటుంది. మధ్యలో ఇంకోటి ఉంది: ముందు వైద్యం, కనీసం నాలుగైదు నెలలు మందు లేకుండా గడపడం, ఆ తర్వాత తేటగా ఉన్న బుర్రతో నలుగురూ కూర్చుని తేల్చుకోవడం. నాకైతే ఇదే మేలనిపిస్తోంది. దీనికున్న ఇబ్బంది గడువు. దరఖాస్తుకు ఎంత సర్వీసు మిగిలి ఉండాలి, అబ్బాయి వయసు పరిమితి ఎంత అన్నది ముందే యూనియన్ ఆఫీసులో కనుక్కుని, ఆ తారీఖు రాసిపెట్టుకుని, దాన్నిబట్టి వెనక్కి లెక్క వేసుకోండి. మెడికల్ బోర్డులో పని చేయించిపెడతానని లక్షలు అడిగే మనిషిని గడప తొక్కనివ్వకండి, మూడు లక్షల అప్పే ఇంకా తీరలేదు.

మీ అమ్మకూ నాన్నకూ ఎప్పుడూ చెప్పనిది మీ భార్యకు చెప్పండి అని నేను పెద్ద మాటలు చెప్పను, కానీ ఆ పప్పు సంగతి తేలకుండా ఇంట్లో ఏదీ ముందుకు పోదు. వదినా, మీరూ ఇది చదువుతుంటే వినండి. మీరు కలిపిన పొడిలో ఏముందో పరీక్ష చేయించకుండా ఎవరూ చెప్పలేరు, కానీ ఆయనకు వచ్చిన లక్షణాలు డైసల్ఫిరమ్ అనే మందు మీద తాగితే వచ్చేవాటిలా ఉన్నాయి. అది అసలైన మందే, డాక్టర్లు ఇస్తారు, కానీ మనిషికి చెప్పి, ఒప్పించి, గుండె, లివర్ పరీక్షలు చూసి ఇస్తారు. బీపీ, షుగర్ ఉన్న మనిషికి తెలియకుండా పెడితే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం పోవచ్చు. ఇంకెప్పుడూ వద్దమ్మా. మీరెంత భయపడితే ఆ పని చేశారో నాకు తెలుస్తోంది. అన్నా, నాలుగు వేలు ఆమె ఎక్కడి నుంచి తెచ్చిందో అడిగారా? మిమ్మల్ని చంపాలని కాదు, పోగొట్టుకోలేక చేసింది. ఇవాళ్టి నుంచి కొన్నాళ్లు ఇద్దరూ ఒకే గిన్నెలోంచి వడ్డించుకుని, ఒకేసారి కూర్చుని తినండి. అనుమానం మాటలతో పోయేది కాదు, రోజూ ఆ గిన్నె చూస్తే పోతుంది.

ఆస్పత్రి నుంచి వచ్చాక అసలు పని మొదలవుతుందన్నాను కదా. మళ్లీ తాగాలన్న కోరిక నెలల తరబడి వస్తూ పోతూ ఉంటుంది, దాన్ని తగ్గించే మాత్రలు ఉన్నాయి, డాక్టర్‌ను అడగండి. మీ లివర్, కిడ్నీ పరీక్షలు చూసి ఏది సరిపోతుందో ఆయన చెప్తాడు. మీ ఊళ్లో గడ్డుకాలం ఏదో నేను చెప్పక్కర్లేదు: లాభాల వాటా, దసరా, దీపావళి బోనస్ అన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చే ఆ రెండు నెలలు. ఆ రెండు నెలలు ఏటీఎం కార్డు మీ బిడ్డ దగ్గర పెట్టండి, భార్య దగ్గరా కాదు, కొడుకు దగ్గరా కాదు, వాళ్లిద్దరితో ఇప్పటికే పేచీ ఉంది. షిఫ్టు దిగి ఇంటికొచ్చే దారిలో బెల్టు షాపు ఉంటే దారి మార్చండి, కిలోమీటరు ఎక్కువైనా సరే. దావత్‌కి పిలిస్తే వెళ్లి, అన్నం పెట్టగానే తిని లేచి రండి. మందు పోసేది అన్నానికి ముందే కాబట్టి ఆలస్యంగా వెళ్లండి.

ఆల్కహాలిక్స్ అనానిమస్ అని 1935లో అమెరికాలోని అక్రన్‌లో మానాలనుకున్న ఇద్దరు మనుషులు మొదలుపెట్టిన సంఘం ఉంది, ఇప్పుడు మన దగ్గరా మీటింగులు జరుగుతాయి, తెలుగులో కూడా. ఫీజు లేదు, ఇంటిపేరు అడగరు, కూర్చుని ఒకరి మాట ఒకరు వింటారు. కొందరికి అది ప్రాణం నిలబెట్టింది, కొందరికి పడదు. రెండు మూడుసార్లు వెళ్లి చూడండి, పడకపోతే మానేయండి. మధ్యలో ఒకరోజు తాగితే, చూశావా నా వల్ల కాదు అని మళ్లీ రెండు క్వార్టర్లకు పోకండి. మర్నాడే డాక్టర్‌కు ఫోన్ చేసి చెప్పండి, ఆయన అలాంటివి రోజూ వింటాడు.

ఆ టిఫిన్ డబ్బా ఇప్పుడే ఇవ్వొద్దు. ఆస్పత్రి అయ్యాక, చెయ్యి వణకని ఒక పొద్దున వెళ్లండి. ఆయన భార్య దగ్గర కాసేపు కూర్చుని, ఆయన ఎలా పోయాడు, ముందు ఏమైనా నొప్పి అన్నాడా, డాక్టర్లు ఏమన్నారు, అన్నీ అడగండి. ఇన్నాళ్లూ ఎందుకు రాలేదంటే ఉన్న మాటే చెప్పండి.

ఇక ఈ రాత్రి సంగతి. నా జవాబు చదివిన ఆవేశంలో సీసా పగలగొట్టి ఒక్కసారిగా ఆపేయకండి, డాక్టర్ దగ్గరికి చేరేదాకా ఆ పని ప్రమాదం. కానీ పెంచొద్దు, ఖాళీ కడుపున వద్దు, ముందు అన్నం తినండి, నీళ్లు బాగా తాగండి. నిద్రమాత్రలు, నొప్పి మాత్రలు మందుతో కలిపి వేసుకోవద్దు. ఆస్పత్రికి వెళ్లేలోపే ఫిట్స్ వచ్చినా, మాట తడబడి మనుషుల్ని గుర్తుపట్టకపోయినా, చీమలు మళ్లీ కనపడినా ఆగకుండా 108కి ఫోన్ చేయమని ఇంట్లో ఇప్పుడే చెప్పి ఉంచండి. పొద్దున సిక్ పెట్టి, మీ అబ్బాయి బండి మీద ఆస్పత్రికి వెళ్లండి. వాడినే తీసుకెళ్లమని అడగండి, ఏడాదిగా వాడు మిమ్మల్ని అడుగుతున్నాడు, ఒకసారి మీరు వాడిని అడగండి. వేసుకునే మాత్రల చీటీలన్నీ ఒక కవర్లో పెట్టుకుని వెళ్లండి. రోజుకు ఎంత తాగుతున్నారో డాక్టర్‌కు తగ్గించి చెప్పొద్దు, మందుల లెక్క దాని మీదే ఉంటుంది. పప్పులో కలిపిన పొడి సంగతి, చీమల సంగతి, చివరి పేజీలో రాసిన ఆ వాక్యం, ఈ మూడూ తప్పకుండా చెప్పండి. నోటితో చెప్పడానికి రాకపోతే ఆ ఆరు కాగితాలే ఆయన చేతిలో పెట్టండి.